పాత డెస్క్‌టాప్ మీద ప్రాక్స్‌మాక్స్: సర్వర్ వర్చువలైజేషన్‌లో తొలి లెక్క నుంచి బ్యాకప్ తిరిగి తెచ్చుకునే దాకా

జిల్లా కేంద్రాల్లోని చిన్న ఆఫీసుల్లో తరచూ ఒకే దృశ్యం కనిపిస్తుంది. లెక్కల సాఫ్ట్‌వేర్‌కు ఒక కంప్యూటర్, అందరి ఫైళ్లూ దాచుకోవడానికి ఇంకొకటి, హాజరు యంత్రం నుంచి వివరాలు తెచ్చుకోవడానికి ఎప్పుడో ఎవరో పెట్టిన పాత విండోస్ కంప్యూటర్ మూడోది. మూడూ పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటాయి, కరెంటు కాలుస్తూనే ఉంటాయి. కానీ టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే వాటి ప్రాసెసర్లు రోజులో ఎక్కువ భాగం ఖాళీగానే ఉంటాయి. ఒకదాని హార్డ్ డిస్క్ పోయిన రోజున మాత్రం ఆ పని మొత్తం ఆగిపోతుంది, దాన్ని మొదటి నుంచి మళ్లీ అమర్చుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈ మూడింటినీ ఒకే యంత్రం మీదికి తెచ్చి, అయినా దేనికదే విడిగా, ఒకదాని జబ్బు ఇంకొకదానికి అంటకుండా నడిపే పద్ధతే సర్వర్ వర్చువలైజేషన్. ప్రాక్స్‌మాక్స్ వీఈ అనే ఉచిత హైపర్‌వైజర్‌తో, ఒక మామూలు సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ మీద దాన్ని ఎలా మొదలుపెట్టాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని. అసలు శ్రద్ధ పెట్టవలసింది దానికి ముందు కాగితం మీద వేసుకునే లెక్కలోనూ, తరువాత బ్యాకప్‌ను తిరిగి తెచ్చి చూసుకోవడంలోనూ. అందుకే ఆ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

బేర్ మెటల్ అంటే ఏమిటి, ప్రాక్స్‌మాక్స్ ఎందుకు

ఒక నిజమైన యంత్రం లోపల, సాఫ్ట్‌వేర్‌తో చేసిన విడి కంప్యూటర్‌లా నడిచేదాన్ని వర్చువల్ మెషిన్, పొట్టిగా వీఎం అంటారు. వర్చువల్ మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. నేరుగా హార్డ్‌వేర్ మీద కూర్చునేవి మొదటి రకం (వీటినే బేర్ మెటల్ అంటారు), విండోస్ వంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఒక ప్రోగ్రాంలా నడిచేవి రెండో రకం అన్న విభజన 1973లో రాబర్ట్ గోల్డ్‌బర్గ్ హార్వర్డ్‌లో చేసిన డాక్టరేట్ పరిశోధన నుంచి వచ్చింది. మీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వాడి ఉంటే అది రెండో రకం. సర్వర్‌కు కావలసింది మొదటి రకం, ఎందుకంటే అక్కడ మధ్యలో ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ తినే మెమరీ ఉండదు, అది తనంతట తాను అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయ్యే ప్రమాదమూ ఉండదు.

ప్రాక్స్‌మాక్స్ డెబియన్ లినక్స్ పునాది మీద కట్టినది కాబట్టి ఇది బేర్ మెటల్ ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. 2007 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.20 వెర్షన్ నుంచి లినక్స్ కర్నెల్‌లోనే, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోనే, కేవీఎం అనే భాగం ఉంది. అది పనిచేయడం మొదలుపెట్టగానే ఆ కర్నెలే హైపర్‌వైజర్‌గా మారుతుంది. ఈ ఏర్పాటు ఏ రకంలోకి వస్తుందన్న వాదన ఇంకా ఉన్నా, ఖాళీ డిస్క్ మీద నేరుగా ఇన్‌స్టాల్ చేసి వర్చువల్ మెషిన్ల కోసమే వాడుకునే మనకు అది బేర్ మెటల్‌గానే పనిచేస్తుంది.

ఉచితంగా దొరికేవి ఇంకా ఉన్నాయి. చాలా ఏళ్లపాటు మన దగ్గర కుర్రాళ్లు వర్చువలైజేషన్ నేర్చుకున్నది వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ ఉచిత లైసెన్సు మీదే. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నది, 2024 ఫిబ్రవరిలో ఆ ఉచిత వెర్షన్ ఆగిపోయింది, మళ్లీ 2025 ఏప్రిల్‌లో తిరిగి వచ్చింది. ఇలా వచ్చిపోయే దాని మీద ఆఫీసు పనిని నిలబెట్టడం నాకు మనస్కరించదు. మైక్రోసాఫ్ట్ విడిగా ఉచితంగా ఇచ్చిన హైపర్-వీ సర్వర్‌లో 2019దే చివరిది. జెన్ ఆధారంగా 2018లో మొదలైన ఎక్స్‌సీపీ-ఎన్‌జీ మంచి ప్రత్యామ్నాయం, దాన్ని ఎంచుకున్నవారిని తప్పుపట్టను. ప్రాక్స్‌మాక్స్‌ను ఆస్ట్రియాలోని వియన్నాకు చెందిన సంస్థ 2008 నుంచి తయారుచేస్తోంది. సోర్స్ కోడ్ బహిరంగం, లైసెన్సు ఏజీపీఎల్. డబ్బు కట్టినవారికీ కట్టనివారికీ సదుపాయాలు ఒకటే, తేడా సాంకేతిక సహాయంలోనూ ఎక్కువగా పరీక్షించిన అప్‌డేట్ల విషయంలోనూ మాత్రమే. బ్యాకప్, క్లస్టర్ (కొన్ని సర్వర్లను కలిపి ఒకటిగా నడపడం) వంటివి ఉచిత వెర్షన్‌లోనే ఉండటం చిన్న ఆఫీసుకు పెద్ద విషయం.

యంత్రం

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల ఆఫీసులు వదిలేసిన డెస్క్‌టాప్‌లు దొరుకుతాయి. ఎనిమిదో తరం ఇంటెల్ ఐ5 అయితే ఆరు కోర్లు ఉంటాయి, మొదలుపెట్టడానికి అది చాలు. ర్యామ్ 16 జీబీకి తగ్గవద్దు. 32 జీబీకి పెంచుకునే వీలు మదర్‌బోర్డులో ఉందో లేదో కొనేముందే చూసుకోండి. ప్రాసెసర్‌ను పది వీఎంలు పంచుకున్నా పని జరుగుతుంది గానీ, మెమరీ అలా సాగదు. డిస్క్‌గా 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, బ్యాకప్‌కు విడిగా ఇంకో డిస్క్ ఉండాలి. పాత తిరిగే హార్డ్ డిస్క్ మీద వీఎంలు పెడితే ఒక విండోస్ అప్‌డేట్ మొదలవగానే మిగిలినవన్నీ నత్తనడక నడుస్తాయి.

నెట్‌వర్క్ తప్పనిసరిగా కేబుల్ ద్వారానే ఉండాలి. వీఎంలన్నీ ఒకే నెట్‌వర్క్ కార్డు ద్వారా వేర్వేరు మ్యాక్ అడ్రసులతో (నెట్‌వర్క్ కార్డును గుర్తించే సంఖ్యలతో) బయటికి వెళతాయి, మామూలు వైఫై దాన్ని ఒప్పుకోదు. యూపీఎస్ కూడా లేకుండా మొదలుపెట్టవద్దు. వేసవి కోతల్లో రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే ఊళ్లో, ఒక్క దెబ్బకు ఒక కంప్యూటర్ కాక మూడు సర్వర్లు ఒకేసారి ఆరిపోతాయి.

యంత్రం చేతికి రాగానే బయోస్‌లోకి వెళ్లి మూడు విషయాలు చూడండి. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ ఆన్ అయి ఉండాలి. ఇది లేకపోతే కేవీఎం పనిచేయదు, చాలా ఆఫీసు డెస్క్‌టాప్‌లలో ఇది ఆఫ్‌లోనే వస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగు పెట్టండి. తేదీ, సమయం సరిగా లేకపోతే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ మార్చండి. తరువాత వచ్చే సర్టిఫికెట్ల చిక్కులు కొన్ని అక్కడే తప్పుతాయి.

కాగితం మీద లెక్క

ఇన్‌స్టాల్ చేసేముందు ఒక కాగితం తీసుకుని, ఏ వీఎంకు ఎంత మెమరీ, ఎంత డిస్క్, ఏ ఐపీ అడ్రస్ అన్నది రాసుకోండి. మన ఉదాహరణలో 16 జీబీ ర్యామ్ ఉంది. అందులో 2 జీబీ ప్రాక్స్‌మాక్స్ కోసం పక్కన పెట్టాలి. లెక్కల సాఫ్ట్‌వేర్ ఉండే విండోస్‌కు 6 జీబీ, ఫైళ్ల కోసం ఉబుంటు సర్వర్‌కు 2 జీబీ, హాజరు యంత్రపు విండోస్‌కు 4 జీబీ. మొత్తం 14, మిగిలిన 2 జీబీ ఖాళీగా ఉండాలి, దాన్ని కూడా పంచేయాలన్న ఆశ కలుగుతుంది కానీ పంచవద్దు. బ్యాకప్‌ను పరీక్షించడానికి ఒక వీఎంను పక్కన తాత్కాలికంగా నడపాల్సి వచ్చినప్పుడు ఆ ఖాళీయే పనికొస్తుంది.

డిస్క్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఇన్‌స్టాలర్ మామూలుగా ఈఎక్స్‌టీ4 పద్ధతిలో డిస్క్‌ను రెండు ముఖ్య భాగాలు చేస్తుంది. ‘లోకల్’ అన్నది ప్రాక్స్‌మాక్స్ సొంత భాగం, ఐఎస్ఓ ఫైళ్లు (ఇన్‌స్టాలేషన్ డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసినవి) అక్కడే ఉంటాయి. ‘లోకల్-ఎల్‌వీఎం’ అన్నది వీఎంల డిస్కులు ఉండే థిన్ పూల్. థిన్ అంటే, ఒక వీఎంకు 200 జీబీ ఇస్తున్నానని మీరు చెప్పినా, అది నిజంగా రాసినంత మేరకే పూల్‌లో చోటు ఖర్చవుతుంది. పెళ్లి భోజనాలకు వెయ్యి మందిని పిలిచి, వచ్చేది ఆరు వందలమందేనన్న లెక్కతో వండటం లాంటిది ఇది. వెయ్యిమందీ వచ్చిన రోజున చిక్కే.

ఆ చిక్కు నేను స్వయంగా పడ్డాను. ఒక చిన్న ఆఫీసులో దాదాపు 350 జీబీ ఉన్న పూల్ మీద 200 జీబీ చొప్పున మూడు వీఎంలు చేసి, స్నాప్‌షాట్లు (వీఎం ఆ క్షణంలో ఎలా ఉందో అలా గుర్తుపెట్టుకునే నకళ్లు) కూడా తీసి మరచిపోయాను. కొన్ని నెలల తరువాత ఒక సోమవారం ఉదయం విండోస్ స్క్రీన్ ఉన్నది ఉన్నట్టు నిలిచిపోయింది; మౌస్ కదలదు, గడియారం 9.42 దగ్గరే ఆగిపోయింది. ప్రాక్స్‌మాక్స్ పేజీలో ఆ వీఎం పక్కన పసుపు రంగు త్రికోణం, స్టేటస్‌లో ఐఓ ఎర్రర్ అన్న మాట. పూల్ నూటికి నూరు శాతం నిండిపోయింది. పాత స్నాప్‌షాట్లు రెండు తీసేస్తే చోటు వచ్చి వీఎం మళ్లీ కదిలింది, డేటా దక్కింది. ఆ గంటసేపు నేను పడిన ఆందోళన ఇంకెవరూ పడకూడదని చెబుతున్నాను: వీఎంలకు ఇచ్చే డిస్కుల మొత్తం పూల్ పరిమాణాన్ని దాటకుండా చూసుకోండి. మన ఉదాహరణలో 120, 120, 60 జీబీ ఇస్తే సరిపోతుంది. వీఎం డిస్క్‌ను తరువాత పెంచడం ఒక నిమిషం పని, తగ్గించడం మాత్రం చాలా కష్టం. కాబట్టి చిన్నగానే మొదలుపెట్టండి.

ఒకే రకం ఎస్‌ఎస్‌డీలు రెండు ఉంటే రెండింటి మీదా ఒకే డేటా రాసే జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ ఎంచుకోవచ్చు, ఒక డిస్క్ పోయినా పని ఆగదు. కానీ అది మెమరీ అడుగుతుంది, తక్కువ రకం ఎస్‌ఎస్‌డీలను రాతలతో త్వరగా అరగదీస్తుంది. మొదటి యంత్రానికి ఈఎక్స్‌టీ4 చాలు.

పెన్‌డ్రైవ్, ఇన్‌స్టాలేషన్

ప్రాక్స్‌మాక్స్ అధికారిక వెబ్‌సైట్ నుంచి ఐఎస్ఓ ఫైల్ దించుకుని, దాని షా-256 సంఖ్యను (ఫైల్ చెడిపోకుండా వచ్చిందో లేదో చెప్పే గుర్తు) వెబ్‌సైట్‌లో పక్కనే ఇచ్చినదానితో సరిపోల్చండి. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే బూట్ కాదు. బలేనా ఎచర్ వాడండి; రూఫస్ వాడితే అది అడిగినప్పుడు డీడీ పద్ధతినే ఎంచుకోండి.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ ఎంచుకోగానే, షరతుల తరువాత ఏ డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేయాలని అడుగుతుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఎంచుకున్న డిస్క్ మీద ఉన్నదంతా చెరిగిపోతుంది. బ్యాకప్ డిస్క్‌ను ఎంచుకోలేదని పరిమాణం చూసి నిర్ధారించుకోండి. వీలైతే ఇన్‌స్టాల్ అయ్యేదాకా రెండో డిస్క్ కేబుల్ ఊడదీసి ఉంచడం ఇంకా మంచిది. తరువాతి పేజీలో దేశం దగ్గర ఇండియా అని ఇస్తే టైమ్ జోన్ ఆసియా/కోల్‌కతా అవుతుంది. రాత్రి బ్యాకప్ మన రాత్రివేళే జరగాలంటే ఇది సరిగా ఉండాలి. ఆ తరువాత రూట్ (పూర్తి అధికారం ఉన్న ఖాతా) పాస్‌వర్డ్, ఈమెయిల్.

నెట్‌వర్క్ పేజీ దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. అప్పటికి రౌటర్ ఇచ్చిన ఐపీ అడ్రస్‌ను ఇన్‌స్టాలర్ ముందే నింపి చూపిస్తుంది, అలాగే వదిలేస్తే అదే స్థిరమైన అడ్రస్‌గా రాసుకుంటుంది. కానీ రౌటర్‌కు ఆ సంగతి తెలియదు. అది అదే అడ్రస్‌ను నాలుగు రోజుల తరువాత ఎవరి ఫోన్‌కో ఇస్తుంది, అప్పుడు సర్వర్ ఒకసారి దొరికి ఒకసారి దొరకకుండా సతాయిస్తుంది. అందుకని రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ పరిధిని (రౌటర్ తనంతట తాను పంచే అడ్రసుల పరిధిని), ఉదాహరణకు 100 నుంచి 200 వరకు అని, కుదించి, సర్వర్‌కు ఆ పరిధి బయటి 192.168.1.50 వంటి అడ్రస్ ఇవ్వండి. వీఎంలకు 51, 52, 53 అని మీ కాగితం మీద రాసుకోండి. హోస్ట్‌నేమ్ దగ్గర చుక్కతో కూడిన పూర్తి పేరు అడుగుతుంది. తరువాత పేరు మార్చడం చిక్కుతో కూడిన పని కాబట్టి ఇప్పుడే ఆలోచించి పెట్టండి.

కొన్ని నిమిషాల్లో ఇన్‌స్టాల్ అయి యంత్రం రీస్టార్ట్ అవుతుంది. నల్ల స్క్రీన్ మీద మీరు ఇచ్చిన ఐపీ అడ్రస్, దాని చివర 8006 అన్న పోర్టు కనిపిస్తాయి. ఇకమీదట ఈ యంత్రానికి మానిటర్, కీబోర్డ్ అవసరం లేదు.

మొదటి గంటలో చేయవలసినవి

మీ ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో ఆ అడ్రస్‌ను హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెట్టి, చివర 8006తో తెరవండి. సర్టిఫికెట్ నమ్మదగినది కాదని బ్రౌజర్ హెచ్చరిస్తుంది. సర్వర్ తనకు తానే చేసుకున్న సర్టిఫికెట్ కాబట్టి ఆ హెచ్చరిక సహజం, ముందుకు వెళ్లవచ్చు. యూజర్‌నేమ్ రూట్, రెల్మ్ దగ్గర లినక్స్ పామ్ ఉండాలి. సబ్‌స్క్రిప్షన్ లేదని ఒక చిన్న కిటికీ వస్తుంది, ఓకే నొక్కితే చాలు. దాన్ని తీసేసే చిట్కా స్క్రిప్టులు ఇంటర్నెట్‌లో చాలా తిరుగుతుంటాయి. ఏముందో తెలియని స్క్రిప్టును ఆఫీసు సర్వర్ మీద రూట్ అధికారంతో నడపవద్దని గట్టిగా చెబుతాను.

ఎడమవైపు చెట్టులో డేటాసెంటర్, దాని కింద మీ సర్వర్ పేరు కనిపిస్తాయి. ఆ సర్వర్‌ను నోడ్ అంటారు. నోడ్ మీద నొక్కి అప్‌డేట్స్, దాని కింద రిపాజిటరీస్ (అప్‌డేట్లు వచ్చే చోట్లు) తెరవండి. ఎంటర్‌ప్రైజ్ అన్న పేరున్నవి చందాదారులవి, వాటిని డిజేబుల్ చేసి, యాడ్ నొక్కి నో-సబ్‌స్క్రిప్షన్ రిపాజిటరీని చేర్చండి. అప్పుడు రిఫ్రెష్, తరువాత అప్‌గ్రేడ్. కర్నెల్ మారితే ఒకసారి రీబూట్ చేయండి.

తరువాత డేటాసెంటర్ కింద పర్మిషన్స్‌లో టూ ఫ్యాక్టర్ తెరిచి, రూట్ ఖాతాకు ఫోన్‌లోని అథెంటికేటర్ యాప్ జతచేయండి, రికవరీ కీలను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఇంటి నుంచి చూసుకోవచ్చని రౌటర్‌లో 8006 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవడం మాత్రం ఎప్పటికీ చేయకూడని పని; ఆ ఒక్క పేజీ చేతికి చిక్కితే లోపల ఉన్న సర్వర్లన్నీ చిక్కినట్టే. బయట నుంచి కావాలంటే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ పెట్టుకోండి.

నెట్‌వర్క్ విభాగంలో వీఎంబీఆర్0 అనే బ్రిడ్జ్ ఇప్పటికే ఉంటుంది. నెట్‌వర్క్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ డబ్బా లాంటిదే ఇది, సాఫ్ట్‌వేర్‌లో ఉందంతే. యంత్రపు కేబుల్ ఒక వైపు, వీఎంలన్నీ ఇంకో వైపు. దీన్ని ఏమీ మార్చనక్కరలేదు.

మొదటి వీఎం: ఉబుంటు సర్వర్

లోకల్ స్టోరేజ్‌లో ఐఎస్ఓ ఇమేజెస్ తెరిచి, ఉబుంటు సర్వర్ ఎల్‌టీఎస్ ఐఎస్ఓను అప్‌లోడ్ చేయండి. తరువాత పైన కుడివైపు క్రియేట్ వీఎం నొక్కండి. నంబరు 100తో మొదలవుతుంది. పేరు పనిని చెప్పేలా పెట్టండి. ఐఎస్ఓ ఎంచుకున్నాక వచ్చే సిస్టమ్ పేజీలో క్యూఎము ఏజెంట్ అన్న గడిలో టిక్ పెట్టండి. డిస్క్ పేజీలో పరిమాణం ఇచ్చి, డిస్కార్డ్ గడిలో టిక్ పెట్టండి: వీఎం లోపల ఫైళ్లు చెరిపినప్పుడు ఆ చోటు తిరిగి పూల్‌కు రావాలంటే ఇది ఉండాలి. నేను పైన చెప్పిన ఆఫీసులో ఇదీ పెట్టలేదు.

సీపీయూ పేజీలో రెండు కోర్లు చాలు. టైప్ దగ్గర ‘హోస్ట్’ అని పెడితే మీ ప్రాసెసర్ శక్తులన్నీ వీఎంకు కనిపిస్తాయి. కానీ రేపు రెండో సర్వర్ కొని, నడుస్తున్న వీఎంను దాని మీదికి మార్చాలనుకుంటే ప్రాసెసర్ తరాలు వేరైనప్పుడు ఇబ్బంది వస్తుంది. మెమరీ 2048 ఎంబీ. నెట్‌వర్క్‌లో బ్రిడ్జ్ వీఎంబీఆర్0, మోడల్ విర్ట్‌ఐఓ, అంటే వీఎంల కోసమే రూపొందించిన రకం.

వీఎంను స్టార్ట్ చేసి కన్సోల్ తెరిస్తే, కంప్యూటర్ ముందు కూర్చున్నట్టే ఉబుంటు ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. కాగితం మీది ఐపీ అడ్రస్ ఇవ్వండి. అయ్యాక లోపల క్యూఎము గెస్ట్ ఏజెంట్ ప్యాకేజీ వేయండి. బయట టిక్, లోపల ప్యాకేజీ రెండూ ఉంటేనే ప్రాక్స్‌మాక్స్‌కు వీఎంతో మాటలు కలుస్తాయి: ఐపీ అడ్రస్ సమ్మరీలో కనిపిస్తుంది, బ్యాకప్ సమయంలో ఫైల్ సిస్టమ్‌ను ఒక్క క్షణం నిలిపి శుభ్రమైన ప్రతి తీసుకోవడం వీలవుతుంది. టిక్ పెట్టడం మరచి తరువాత పెట్టినట్లయితే, వీఎం లోపల రీబూట్ చేస్తే సరిపోదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి.

షట్‌డౌన్, స్టాప్ అన్న రెండు బటన్లకు తేడా గుర్తుంచుకోండి. స్టాప్ అంటే ప్లగ్ పీకినట్టే. ఆప్షన్స్‌లో స్టార్ట్ ఎట్ బూట్ కూడా పెట్టండి, లేకపోతే కరెంటు పోయి వచ్చిన ఉదయం సర్వర్ ఆన్‌లో ఉంటుంది గానీ అందులో వీఎంలు నిద్రపోతూ ఉంటాయి.

విండోస్ వీఎం

ఇక్కడ దారి కాస్త వేరు. విండోస్ ఇన్‌స్టాల్ చేసే డిస్కులో విర్ట్‌ఐఓ డ్రైవర్లు ఉండవు. అందుకే డిస్క్ ఎంచుకునే పేజీ ఖాళీగా కనిపించి, ఏదో పాడైందని చాలామంది కంగారుపడతారు. విర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్ఓను ముందే లోకల్ స్టోరేజ్‌లోకి తెచ్చుకుని, వీఎం తయారుచేసేటప్పుడు దాన్ని రెండో సీడీ డ్రైవ్‌గా జోడించండి. డిస్క్ ఖాళీగా కనిపించే పేజీలోనే లోడ్ డ్రైవర్ నొక్కి, వియోస్కసీ (vioscsi) ఫోల్డర్‌లో మీ విండోస్ వెర్షన్‌కు తగినది చూపిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. నెట్‌వర్క్‌కు నెట్‌కేవీఎం ఫోల్డర్. ఇన్‌స్టాల్ అయ్యాక అదే సీడీలోని గెస్ట్ టూల్స్ నడిపితే మిగిలిన డ్రైవర్లు, ఏజెంట్ అన్నీ వస్తాయి. విండోస్ 11కు యూఈఎఫ్ఐ, టీపీఎం కావాలి. సిస్టమ్ పేజీలో రెండూ ఎంచుకోవచ్చు. హైపర్‌వైజర్ ఉచితమైనా వీఎంలోని విండోస్‌కు లైసెన్సు మామూలుగానే కావాలి.

లెక్కల పని చేసేవారికి ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. జీఎస్టీ, కంపెనీ ఫైలింగులకు వాడే డిజిటల్ సంతకపు యూఎస్‌బీ టోకెన్‌ను సర్వర్‌కు గుచ్చి, వీఎం హార్డ్‌వేర్ పేజీలో యూఎస్‌బీ డివైస్‌గా ఇవ్వవచ్చు. కానీ ఉద్యోగి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ఆ వీఎంలోకి వస్తే టోకెన్ కనిపించదు, ఎందుకంటే రిమోట్ డెస్క్‌టాప్‌లో విండోస్ స్మార్ట్ కార్డులను ఉద్యోగి కూర్చున్న కంప్యూటర్‌లోనే వెతుకుతుంది. కాబట్టి టోకెన్‌ను ఆయన ముందున్న కంప్యూటర్‌కే గుచ్చి, రిమోట్ డెస్క్‌టాప్ సెట్టింగుల్లో స్మార్ట్ కార్డులకు అనుమతి ఇవ్వండి. రిటర్నుల చివరి తేదీ నాటి సాయంత్రం ఈ విషయం తెలుసుకోవడం కన్నా ముందే తెలిసి ఉండటం మేలు.

ప్రాక్స్‌మాక్స్‌లో ఎల్‌ఎక్స్‌సీ కంటెయినర్లు కూడా ఉన్నాయి. అవి సర్వర్ కర్నెల్‌నే పంచుకుంటాయి కాబట్టి తేలికగా ఉంటాయి, లినక్స్ మాత్రమే నడుస్తుంది. వీఎంలు అలవాటయ్యాక వాటి జోలికి వెళ్లండి.

స్నాప్‌షాట్ వేరు, బ్యాకప్ వేరు

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసేముందు స్నాప్‌షాట్ తీసి, బెడిసికొడితే రోల్‌బ్యాక్ చేయడం వర్చువలైజేషన్ ఇచ్చే గొప్ప సౌకర్యాల్లో ఒకటి. అయితే స్నాప్‌షాట్ అదే పూల్‌లో, అదే డిస్క్ మీద ఉంటుంది. డిస్క్ పోతే అదీ పోతుంది. పని అయిన రెండు మూడు రోజుల్లో దాన్ని తీసేయండి.

బ్యాకప్ కోసం రెండో డిస్క్‌ను వాడుదాం. నోడ్ కింద డిస్క్స్‌లో డైరెక్టరీ తెరిచి, క్రియేట్ నొక్కి ఆ డిస్క్‌ను ఎంచుకుంటే, దాన్ని ఫార్మాట్ చేసి స్టోరేజ్‌గా చేర్చడం అంతా ప్రాక్స్‌మాక్సే చూసుకుంటుంది. తరువాత డేటాసెంటర్ కింద బ్యాకప్‌లో యాడ్ నొక్కి, ఆ స్టోరేజ్‌ను, రాత్రి 1.30 వంటి సమయాన్ని, అన్ని వీఎంలను, స్నాప్‌షాట్ మోడ్‌ను ఎంచుకోండి. ఈ మోడ్‌లో వీఎం నడుస్తుండగానే బ్యాకప్ జరుగుతుంది. రిటెన్షన్ పేజీలో రోజువారీవి 7, వారంవారీవి 4 అని పెడితే పాతవి వాటంతట అవే పోతాయి. మెయిల్ వచ్చే ఏర్పాటు కూడా చేసుకోండి, విఫలమైన బ్యాకప్ నెలల తరబడి ఎవరికీ తెలియకుండా ఉండిపోవడం నేను చూశాను.

అదే డబ్బాలో ఉన్న రెండో డిస్క్ సగం భద్రతే. పిడుగుపాటుకో దొంగతనానికో రెండు డిస్కులూ ఒకేసారి పోతాయి. కాబట్టి ఇంకో గదిలోని నాస్ డబ్బాను (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే పెట్టెను) ఎన్ఎఫ్ఎస్ స్టోరేజ్‌గా చేర్చి వారానికొకసారి అక్కడికీ బ్యాకప్ వెళ్లేలా రెండో షెడ్యూల్ పెట్టండి. వీఎంల సంఖ్య పెరిగాక, మారిన భాగాలను మాత్రమే దాచే ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్‌ను వేరే యంత్రం మీద పెట్టుకోవచ్చు, అదీ ఉచితమే. ప్రతి బ్యాకప్ ఫైల్‌లో ఆ వీఎం సెట్టింగులు కూడా ఉంటాయి. అందువల్ల సర్వర్ పూర్తిగా పోయినా, ఇంకో డెస్క్‌టాప్ మీద ప్రాక్స్‌మాక్స్ వేసి, ఆ స్టోరేజ్‌ను జతచేస్తే వీఎంలన్నీ తిరిగి వస్తాయి.

తిరిగి తెచ్చి చూడటం

వస్తాయో లేదో ఇప్పుడే చూడాలి. మొదటి రాత్రి బ్యాకప్ అయిన మరుసటి రోజు, ఆఫీసు మూసే వేళకు బ్యాకప్ స్టోరేజ్ తెరిచి, లెక్కల విండోస్ తాలూకు ఫైల్‌ను ఎంచుకుని రిస్టోర్ నొక్కండి. వీఎం నంబరు దగ్గర 901 అని కొత్తది ఇవ్వండి, యూనిక్ గడిలో టిక్ పెట్టండి. మ్యాక్ అడ్రస్ అప్పుడు కొత్తది అవుతుంది. స్టార్ట్ ఆఫ్టర్ రిస్టోర్‌లో టిక్ ఉండకూడదు. పూల్‌లో దానికి చోటుందో లేదో ముందే చూసుకోండి. రిస్టోర్ అవుతుండగా గడియారం చూసి సమయం రాసుకోండి.

అయ్యాక 901 హార్డ్‌వేర్‌లో నెట్‌వర్క్ డివైస్ తెరిచి డిస్‌కనెక్ట్ టిక్ పెట్టండి. ఇది మరచిపోతే ఒకే పేరు, ఒకే ఐపీ అడ్రస్ ఉన్న రెండు కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో పోట్లాడుకుంటాయి. దానికి 6 జీబీ కావాలి, మనం ఖాళీగా ఉంచింది 2 జీబీ. కాబట్టి హాజరు వీఎంను కాసేపు షట్‌డౌన్ చేసి, 901 మెమరీని 4 జీబీకి తగ్గించి స్టార్ట్ చేయండి. కన్సోల్‌లో లాగిన్ అయి లెక్కల సాఫ్ట్‌వేర్ తెరవండి. విండోస్ వచ్చిందని అక్కడే తృప్తిపడక, నిన్న సాయంత్రం చివరగా వేసిన వోచర్ నంబరు ఏమిటో లెక్కలు రాసే ఉద్యోగిని అడిగి, అదే వోచర్ అదే మొత్తంతో ఇందులో కనిపిస్తోందా అని ఆయన చేతనే చూపించుకోండి. కనిపిస్తే 901ని షట్‌డౌన్ చేసి, మోర్ కింద రిమూవ్‌తో తీసేసి, హాజరు వీఎంను మళ్లీ స్టార్ట్ చేయండి. మీరు కాగితం మీద రాసుకున్న మెమరీ, డిస్క్, ఐపీ అడ్రసుల పట్టిక కిందనే ఈ రోజు తేదీ, రిస్టోర్‌కు పట్టిన నిమిషాలు రాసి, ఆ కాగితాన్ని సర్వర్ డబ్బా పక్కకు అంటించండి. మూడు నెలలకొకసారి దాని కింద ఇంకో వరుస చేరుతూ ఉండాలి.